ప్రవేశ నిబంధన బడిలోనే మొదలవుతుంది



హైదరాబాదు గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 1998లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం. అక్కడ డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరాలంటే ఇంటర్మీడియట్ ఉత్తీర్ణత ఒక్కటే చాలదు. పదో తరగతిలోనో, ఇంటర్‌లోనో ఉర్దూను మాధ్యమంగా గాని, ఒక పాఠ్యాంశంగా గాని చదివి ఉండాలి. విశ్వవిద్యాలయం గుర్తించిన మదరసా కోర్సులు పూర్తిచేసినవారికీ అవకాశం ఉంది.

ఈ నిబంధనను మనం తప్పుపట్టలేము. ఉర్దూలో బోధించే చోట ఉర్దూ రావాలనడం న్యాయమే. మన బాధ వేరు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, బడిలో తెలుగు, ఇంగ్లీషు మాత్రమే చదివే పిల్లలు మనలో ఎందరో ఉన్నారు. వారికి మాట వచ్చు, లిపి రాదు. ఇంటి భాషకు మార్కుల జాబితాలో చోటు లేదు. ఇంటర్‌లో సంస్కృతం తీసుకుంటే మార్కులు ఎక్కువ వస్తాయని కళాశాలవారు చెప్పగానే మనమూ తలూపుతున్నాము. దరఖాస్తు నింపే రోజున ఆ లోటును పూడ్చే దారి ఉండదు.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన సదుపాయాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ కృషి చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతున్నది. కనుక మన బడిలో ఉర్దూ ఉపాధ్యాయుడు లేకుంటే తల్లిదండ్రులమంతా సంతకాలు చేసి ప్రధానోపాధ్యాయునికి, జిల్లా విద్యాశాఖాధికారికి వినతిపత్రం ఇద్దాము. దాని నకలు, అందినట్లు రసీదు దాచుకుందాము. బిడ్డ ద్వితీయ భాషను ఎంచుకునే నాడు మనమూ పక్కన కూర్చుందాము.

విశ్వవిద్యాలయం తలుపు పదిహేడేళ్లకు తట్టేదే అయినా, దాని తాళంచెవి బడి వయసులోనే చేతికి రావాలి.