కవరు మీద చంద్రుడు

పదో తరగతిలో నా పక్క బెంచీవాళ్లు ఈ సభలో చాలామందే ఉన్నారు కాబట్టి గొప్పలు చెప్పుకునే వీల్లేదు. నాది మందుల షాపు. దాని గురించే రెండు మాటలు.

షాపు పెట్టిన కొత్తలో ఒక పెద్దావిడకు షుగరు బిళ్లలు, బీపీ బిళ్లలు ఒకే కవరులో వేసి ఇచ్చాను. 'పొద్దున ఇది, రాత్రి ఇది' అని నోటితో చెప్పి ఊరుకున్నాను. రెండూ చిన్న బిళ్లలే, స్ట్రిప్పులూ ఒకేలా మెరుస్తాయి. ఆమెకు చదువు రాదు. రాత్రి కూడా షుగరు బిళ్లే వేసుకుని, అన్నం తినకుండా పడుకుంది. తెల్లారేసరికి ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు. కొడుకు వెంటనే పంచదార నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకెళ్లాడు కాబట్టి బతికింది.

వారం తర్వాత షాపుకొచ్చి, 'నాదే పొరపాటు నాయనా' అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రోజు నుంచి మందుకో కవరు. పొద్దుటి మందు మీద సూర్యుడు, రాత్రి మందు మీద చంద్రుడు. తిండికి ముందైతే ఖాళీ కంచం, తర్వాతైతే అన్నం ఉన్న కంచం. స్ట్రిప్పు కత్తిరించినప్పుడు మందు పేరు, గడువు తేదీ పోతే కవరు మీద రాస్తాను. ఒక్కో చీటీకి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. సాయంత్రం రద్దీలో గొణిగేవాళ్లున్నారు, పక్క షాపుకు వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. పోనివ్వండి.

మన డ్రాయింగు మాస్టారు నా బొమ్మలు చూసి నవ్వేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పటికీ నా చంద్రుడు అరటిపండులాగే ఉంటాడు. మొన్న ఒక ముసలాయన కవరు చూసి, 'అరటిపండుతో వేసుకోవాలా బాబూ?' అని అడిగాడు. అప్పటి నుంచి చంద్రుడి పక్కన రెండు చుక్కలు కూడా పెడుతున్నాను.