జీపు బాడుగ



కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం సుమారు 180 కిలోమీటర్లు. నల్లమలలో అడ్డదారి నడిచేవాళ్లకే. ఉగాదికి కన్నడ భక్తులు వెంకటాపురం, నాగలూటి, భీముని కొలను మీదుగా ఇప్పటికీ నడిచే వస్తారు.

మొన్న నేను దోర్నాల చేరేసరికి 9 దాటింది, అడవి గేటు మూసేశారు. పొద్దున 6 దాకా కారులోనే. నిద్ర పడితేగా!

నా పదో తరగతిలో నాన్నకు జబ్బు చేస్తే, లెక్కల సారు జీపు మాట్లాడి ఇదే దారిన కర్నూలుకు తీసుకెళ్లారు. ఘాటు మలుపులన్నీ దిగేదాకా నాన్న తల ఆయన ఒళ్లోనే. నాన్న బతికారు. బాడుగ ఎంతయిందని ఎన్నిసార్లు అడిగినా సారు చెప్పలేదు.

ముందు వరుసలోనే ఉన్నారు. సార్, ఇప్పుడైనా చెప్పండి.