పెట్టెల లెక్క: 1955 ఆంధ్ర తీర్పుపై మరోమాట



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ స్మారకోపన్యాసానికి నన్ను పిలవడం గౌరవంగా భావిస్తున్నాను. ఆయన పాండిత్యం గురించి, పుస్తకాల గురించి ఈ వేదిక మీద ఇదివరకు మాట్లాడినవాళ్లు నాకంటే బాగా చెప్పారు. నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది ఆయన ఖాతా పుస్తకం. కిరాణా కొట్లలో వాడే ఎర్ర అట్ట పుస్తకం అది. ఎన్నికల ఫలితాలను అందులో స్వయంగా రాసుకునేవారు. నియోజకవర్గం, అభ్యర్థి, పార్టీ, వచ్చిన ఓట్లు వరసగా సిరాతో ఉండేవి. చివరి గడిలో మాత్రం పెన్సిలుతో అభ్యర్థి కులం రాసేవారు. ఆ చివరి గడి దగ్గరే మా ఇద్దరికీ పేచీ. విద్యార్థిగా మొదలుపెట్టిన ఆ పేచీని నేను ఉద్యోగంలో చేరాక కూడా మానలేదు, ఆయనా తగ్గలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ అది తెగలేదు. ఆయన పేరిట జరిగే సభలో దాన్ని కొనసాగించడమే నేను ఆయనకు ఇవ్వగల మర్యాద అనుకుంటున్నాను.

ఒక రాష్ట్ర శాసనసభ ఎవరి చేతిలో ఉండాలో ఓటర్లు తేల్చినప్పుడు నిజానికి ఏమేం తేలిపోతాయి? ఇదీ నా విషయం. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితా తీసి చూస్తే సగం జవాబు దొరుకుతుంది. భూమి, కౌలు, పోలీసు, స్థానిక సంస్థలు, వ్యవసాయం, మద్యం అన్నీ అందులోనే ఉన్నాయి. మనిషి పొద్దున లేచింది మొదలు తగిలే ప్రభుత్వం ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వమే. ఇది అందరూ ఒప్పుకునే మాటే కాబట్టి దాని దగ్గర ఆగను. మిగతా సగం జవాబు కోసం 1955కు వెళ్లాలి.

నేపథ్యం మీకు తెలిసిందే. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మరుసటి ఏడాది నవంబరులో మద్యనిషేధం వివాదం మీద ఆ ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. అంతకు ముందు 1952లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రపు ఆంధ్ర జిల్లాల్లో 140 స్థానాలకు కమ్యూనిస్టులు 41 గెలిచారు. కాబట్టి ఈసారి అధికారం వాళ్లదేనని వాళ్లూ నమ్మారు, ప్రత్యర్థులూ భయపడ్డారు. ఫలితం చూస్తే 196 స్థానాల్లో వాళ్లకు దక్కినవి 15. కాంగ్రెసుకు 119, ఎన్.జి. రంగా గారి కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజా పార్టీకి 5, అంటే కలిసి పోటీ చేసిన ఈ కూటమికి 146. బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

41 ఎలా 15 అయింది? డెబ్బై ఏళ్లుగా దీనికి చెబుతున్న జవాబుల్లో అన్నిటికంటే పలుకుబడి సంపాదించింది సెలిగ్ హారిసన్ అనే అమెరికన్ జర్నలిస్టు 1956లో రాసిన వ్యాసం. ఆంధ్ర కమ్యూనిస్టుల గురించి, కులం గురించి ఆయన అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూలో రాశారు. తర్వాత 1960లో తన పుస్తకంలో ఆ వాదాన్ని ఇంకా విస్తరించారు. క్లుప్తంగా చెబితే వాదం ఇది. కమ్యూనిస్టు నాయకత్వానికి వెన్నుదన్ను కృష్ణా, గుంటూరు డెల్టాలోని కమ్మ రైతులు, కాంగ్రెసుకు రెడ్లు. 1952లో కమ్యూనిస్టుల గెలుపు ఈ పోటీ ఫలితం. 1955లో కాంగ్రెసు ఆ ప్రాంతంలో కమ్మ అభ్యర్థులనే ఎదురు నిలబెట్టి, కమ్మ నాయకుడైన రంగాను కలుపుకుని, ఆ బలాన్ని చీల్చింది. హారిసన్ వ్యాసంలో కూటమి ప్రస్తావన లేకపోలేదు. ఆయన తర్వాత వచ్చినవాళ్లు ఆ జాగ్రత్త కూడా వదిలేసి కులాన్ని మాత్రమే పట్టుకున్నారు. మాస్టారి పెన్సిలు గడి అక్కడి నుంచి వచ్చిందే.

మిగతా కారణాలు చెప్పేవాళ్లూ ఉన్నారు. నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ 1955 జనవరిలో సోవియట్ పత్రిక ప్రావ్దా రాసిన సంపాదకీయాన్ని కాంగ్రెసు వాడుకున్న తీరు ఒకటి. బొంబాయి నుంచి వచ్చి ప్రచారం నడిపిన ఎస్.కె. పాటిల్ సామర్థ్యం ఒకటి. నార్ల వెంకటేశ్వరరావు గారి సంపాదకీయాల ధాటి ఒకటి. ఇవన్నీ నిజాలే. అయితే ఓటర్లు కమ్యూనిస్టులను వదిలేశారు అన్న మాటను ఇవన్నీ ముందే నిజమనుకుని మొదలవుతాయి. వదిలేశారా?

వదల్లేదు. 1955లో కమ్యూనిస్టు పార్టీకి పోలైన ఓట్లలో 31.13 శాతం వచ్చాయి. 1952లో వచ్చిన వాటా కంటే ఇది ఎక్కువ. ఓట్లు పెరిగి స్థానాలు మూడో వంతుకు పడిపోయాయి. 119 గెలిచిన కాంగ్రెసుకు సొంతంగా వచ్చినవి 39.35 శాతం. ఓట్ల దామాషాలో పంచితే 196లో కమ్యూనిస్టులకు 61 దాకా రావాలి. వచ్చినవి పదిహేను. ఓటమి తర్వాత కమ్యూనిస్టు పార్టీ తనను తాను ఓదార్చుకోవడానికి ఈ అంకెలు చెప్పుకున్న మాట వాస్తవం. అంతమాత్రాన అంకెలు అబద్ధం కావు.

ఆ రోజుల్లో ఓటు ఎలా వేసేవారో గుర్తు చేసుకోండి. బ్యాలెట్ కాగితం మీద అభ్యర్థుల పేర్లు ఉండేవి కావు. ముద్ర వేసేదీ లేదు. తెర వెనుక వరసగా ఇనుప పెట్టెలు, ఒక్కో పెట్టె మీద ఒక్కో అభ్యర్థి గుర్తు. కాడెద్దులు, కంకి కొడవలి, మిగతావాళ్ల గుర్తులు. ఓటరు తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి వచ్చేవాడు. 1952లో కంకి కొడవలి పెట్టె పక్కన కమ్యూనిస్టేతరుల పెట్టెలు చాలా చోట్ల రెండు మూడు ఉన్నాయి. కాంగ్రెసు ఒకటి, ప్రకాశం గారి పక్షం ఒకటి, రంగా గారిది ఒకటి. 1955లో వాళ్లు సర్దుబాటు చేసుకుని ఒక్క పెట్టె పెట్టారు. కంకి కొడవలి పెట్టెలో పడిన కాగితాలు తగ్గలేదు, పక్క పెట్టెలు కలిసిపోయాయి. పదిహేను స్థానాల రహస్యంలో పెద్ద భాగం ఇదేనని నా వాదం.

దీనికి సాక్ష్యం కావాలంటే కేరళ వెళ్లండి. 1957లో అక్కడ కమ్యూనిస్టు పార్టీ 35 శాతం ఓట్లతో 126 స్థానాల్లో 60 గెలిచి, స్వతంత్రుల మద్దతుతో నంబూద్రిపాద్ నాయకత్వంలో ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ప్రత్యర్థులు అప్పుడు విడివిడిగా ఉన్నారు. 1959 జులై 31న ఆ ప్రభుత్వాన్ని కేంద్రం బర్తరఫ్ చేసింది. 1960లో కాంగ్రెసు, ప్రజా సోషలిస్టులు, ముస్లిం లీగ్ కలిసి పోటీ చేశారు. కమ్యూనిస్టుల ఓట్లు 39 శాతానికి పెరిగాయి. స్థానాలు 29కి పడిపోయాయి. అక్కడ కమ్మలూ లేరు, రెడ్లూ లేరు. ఈళవలు, నాయర్లు, క్రైస్తవులు, ముస్లింలు ఉన్నారు. కులాల పొందిక పూర్తిగా వేరు, ఫలితం అచ్చంగా ఒకటే. ఆంధ్రలో జరిగినదానికి ఆంధ్ర కులాలే కారణమైతే కేరళలో ఐదేళ్ల తర్వాత అదే ఎలా జరిగింది? ఈ ప్రశ్నకు హారిసన్ పక్షం నుంచి నాకు ఇప్పటి వరకు సరైన జవాబు దొరకలేదు.

పోనీ ఆంధ్రలోనే చూద్దాం. 1952లో అనంతపురంలో కాంగ్రెసు నాయకుడు నీలం సంజీవరెడ్డిని ఓడించింది కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి. ఇద్దరూ ఒకే కులం, పైగా బావాబావమరుదులు. కులం లెక్క అక్కడ దేన్ని వివరిస్తుంది? కమ్యూనిస్టులు కుప్పకూలారన్న 1955లోనే, కమ్మల కంచుకోట అని అందరూ చెప్పే కృష్ణా జిల్లాలో, గన్నవరం నుంచి గెలిచింది ఎవరు? నెల్లూరు జిల్లా అలగానిపాడు రెడ్డి కుటుంబంలో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య. ఒకటి రెండు స్థానాలతో సిద్ధాంతం కూలదని మాస్టారు అనేవారు. నిజమే. కానీ సిద్ధాంతానికి గుండెకాయ లాంటి జిల్లాలోనే పార్టీ అగ్రనాయకుడు ఆ సిద్ధాంతానికి ఎదురు గెలిస్తే దాన్ని మినహాయింపు అని పక్కన పెట్టలేం.

ఇంకో సంగతి. షెడ్యూల్డ్ కులాలు, తెగలు మినహా మిగతా కులాల జనాభా లెక్కలు 1931 తర్వాత జనగణనలో ప్రచురించలేదు. 1955లో ఏ నియోజకవర్గంలో ఏ కులం ఎంత అని ఎవరు చెప్పినా అది పాతికేళ్ల నాటి జిల్లా, తాలూకా లెక్కల మీద వేసిన అంచనాయే. ఆ అంచనా పక్కన అభ్యర్థి కులం పెట్టి, ఆ కులంవాళ్లు ఆ అభ్యర్థికే వేశారని తేల్చడం శాస్త్రం కాదు. నియోజకవర్గం మొత్తం ఓట్ల నుంచి ఒక సమూహం మనసు చదవలేం. గణాంకాల విద్యార్థికి మొదటి ఏడాదిలోనే చెప్పే హెచ్చరిక ఇది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది వేరే ఉంది. ఆ పెన్సిలు గడిలో ఎప్పుడూ అభ్యర్థి కులమే ఉంటుంది. డెల్టాలో నాట్లేసి, కోతలు కోసి, కమ్యూనిస్టులు పెట్టిన వ్యవసాయ కార్మిక సంఘాల్లో చేరి, కూలి పెంచమని నిలబడిన మాల, మాదిగ కూలీలు ఆ గడిలో ఎక్కడా కనబడరు. కంకి కొడవలి పెట్టెలో కాగితం వేసినవాళ్లలో వాళ్ల భాగం పెద్దది. కమ్యూనిస్టు ఓటు అంటే కమ్మ ఓటు అని రాసిన ప్రతి పేజీలోనూ వాళ్ల ఓటు వేరొకరి ఖాతాలో పడుతోంది. రైతు వాకిట్లో నిలబడే మనిషి, ఆ రైతుకు ఇష్టం లేని పెట్టెలో కాగితం వేయడానికి ఎంత ధైర్యం కావాలో మన పల్లెలు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. చరిత్ర ఆ ధైర్యాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఇక నా వాదం మీద వచ్చే బలమైన అభ్యంతరానికి జవాబు చెప్పాలి. కూటమి ఎలా కుదిరింది? 1951లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి సంజీవరెడ్డి చేతిలో ఓడి బయటికి వెళ్లిన రంగా, నాలుగేళ్లు తిరక్కుండానే మళ్లీ ఆయనతో కలవడం కుల రాజీ కాదా అంటారు. అయి ఉండొచ్చు. నాయకుల మధ్య బేరసారాల్లో కులం పనిచేసిందని నేనూ ఒప్పుకుంటాను. అది నాయకుల గురించి చెప్పే మాట. ఓటర్ల గురించి చెప్పాలంటే ఓటర్ల వైపు నుంచి రుజువు కావాలి.

1955 తీర్పు అన్యాయమని నేను అనడం లేదు. కూటమికి సుమారు సగం ఓట్లు వచ్చాయి. 31 శాతం వచ్చిన పార్టీ ప్రభుత్వం ఏర్పాటు చేయాలని ఎవరూ అనరు. ఎవరు పాలించాలన్నది ఓటర్లు సరిగానే తేల్చారు. నా పట్టింపు రెండో సంగతి మీద. శాసనసభ ఎన్నికలో ముఖ్యమంత్రి ఎవరన్నదే కాదు, ఆ ముఖ్యమంత్రి ఎదుట కూర్చునేవాళ్లు ఎంతమంది అన్నది కూడా తేలుతుంది. దాన్ని మన రాజకీయ శాస్త్రం పట్టించుకోలేదు.

1955లో తేలిన ఆ రెండో సంగతి ఏడేళ్లు నడిచింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1957లో తెలంగాణ ప్రాంతంలోని 105 స్థానాలకే ఎన్నికలు జరిగాయి. ఆంధ్ర ప్రాంతంలో 1955లో గెలిచినవాళ్లే చాలావరకు 1962 దాకా కొనసాగారు. అంటే ఆంధ్ర ప్రాంతానికి సంబంధించినంత వరకు 1961లో భూపరిమితి చట్టానికి ఓటేసిన సభ్యులు చాలావరకు 1955 పెట్టెల్లోంచి వచ్చినవాళ్లే. ఆ చట్టం నేల రకాన్ని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా పరిమితి పెట్టింది. మూడు వందల ఇరవై నాలుగు ఎకరాలు! మిగులు భూమిగా తేలింది నామమాత్రం. పన్నెండేళ్ల తర్వాత 1973 చట్టం ఐదుగురు ఉన్న కుటుంబానికి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు అని తగ్గించేసరికి, పెద్ద కమతాలు చాలావరకు పేర్లు మార్చుకుని కాగితాల మీద చీలిపోయాయి. పోయిన ఆ పన్నెండేళ్లు భూమి లేనివాళ్లవి.

ఆంధ్ర ప్రాంతపు బల్లల మీద పదిహేను మంది బదులు అరవై మంది కూర్చుని ఉంటే ఆ 324 అలాగే ఉండేదా? ఖాయంగా మారేదని చెప్పను. కానీ సవరణ మీద సవరణ వచ్చేది, చర్చ రోజుల తరబడి సాగేది, పాలకపక్షంలోని మెతకవాళ్లు సమాధానం చెప్పుకోవాల్సి వచ్చేది. కేరళలో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చిన వారంలోపే కౌలుదార్ల తొలగింపును ఆర్డినెన్సుతో ఆపింది. 1959 జూన్‌లో వ్యవసాయ సంబంధాల బిల్లును సభలో నెగ్గించుకుంది. పెట్టెల లెక్క అక్కడ ఒక రకంగా, ఇక్కడ ఒక రకంగా తిరిగింది. భూమి చట్టాలూ అలాగే తిరిగాయి.

ఇది పాతకథ అనుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెలుగుదేశానికి 39 శాతం పైచిలుకు ఓట్లకు 175లో 23 స్థానాలు వచ్చాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెసుకు కూడా 39 శాతం పైచిలుకే వస్తే దక్కినవి 11. రెండుసార్లూ ప్రతి పది మంది ఓటర్లలో దాదాపు నలుగురి మాట సభలో గుప్పెడు మంది గొంతుకు కుదించుకుపోయింది. ఏ పార్టీ మీదా నాకు ప్రత్యేకమైన మమకారం లేదు. ఓటరు మీద ఉంది.

అందుకే మిగిలిన పనికాలాన్ని ఒకే పనికి కేటాయించాను. 1952, 1955 ఆంధ్ర ఫలితాలను నియోజకవర్గం వారీగా పక్కపక్కన పెట్టి, ఎక్కడ ఎన్ని పెట్టెలు తగ్గాయో, ఏ గుర్తుకు ఎన్ని కాగితాలు పెరిగాయో లెక్కగడుతున్నాను. దానికి తోడు శాసనసభ చర్చల సంపుటాల్లోంచి 1956 కౌలు చట్టం మీద, 1961 భూపరిమితి చట్టం మీద ప్రతిపక్షం పెట్టిన సవరణలన్నిటినీ తీస్తున్నాను. మాస్టారి ఖాతా పుస్తకాన్ని వారి కుటుంబం ఈ పనికి ఇచ్చింది. అందులోని ఓట్ల గడులన్నీ వాడుకుంటున్నాను. పెన్సిలు గడిని కూడా చెరపను, అచ్చులో అలాగే వేస్తాను. చదివేవాళ్లు మా ఇద్దరి వాదనా చూసి తీర్పు చెప్పాలి.

ఇక్కడున్నవాళ్లను ఒక్కటి కోరుతున్నాను. 1955 ప్రచారపు కరపత్రాలు, గోడపత్రికలు, పోలింగ్ ఏజెంట్ల కాగితాలు, జిల్లా పార్టీల ఉత్తరాలు మీ ఇళ్లలో అటకల మీద ఉంటే దయచేసి చెత్తకు వేయకండి, ఒకసారి నాకు చూపించండి. అప్పట్లో ఓటు హక్కు ఇరవై ఒక్క ఏళ్లకు. ఆ ఫిబ్రవరిలో తెర వెనక్కి వెళ్లి కాగితం వేసినవాళ్లంతా ఇవాళ తొంభై దాటారు. మీ ఊళ్లో అలాంటివాళ్లు, ముఖ్యంగా కూలి కుటుంబాలవాళ్లు ఉంటే వాళ్లు ఏ పెట్టెలో వేశారో, ఎందుకు వేశారో ఈ ఏడాదే అడిగి రాసి పెట్టండి.