తాత క్లారినెట్‌లో నాగిన్

ఇప్పుడు నేను వాయించిన బిట్ మీ అందరికీ తెలుసు. వరంగల్‌లో ఏ బరాత్‌కైనా పోండి, ఈ నాగిన్ ట్యూన్ మొదలైందంటే కర్చీఫ్ పళ్ళ మధ్య పెట్టుకుని రోడ్డు మీద పొర్లే మామ ఒకడు ఉంటాడు. మా ఇంట్లో ఆ డ్యూటీ మా బాపుది.

ఇది పాములోళ్ళ నాగసరంతో రికార్డ్ చేశారనే చిన్నప్పటి నుంచి అనుకున్నా. కాదంట. 1954లో వచ్చిన హిందీ సినిమా ‘నాగిన్’లోది ఇది. సంగీతం హేమంత్ కుమార్. ఆ బూర సౌండ్ వాయించింది కల్యాణ్‌జీ, క్లావియోలిన్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డ్ మీద. తోడుగా రవి హార్మోనియం. క్లావియోలిన్‌ను 1947లో ఫ్రాన్స్‌లో కాన్‌స్టాంట్ మార్టిన్ తయారుచేశాడు. దాంట్లో ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. అంటే పాములోళ్ళ బూరను ఒక మిషన్ కాపీ కొట్టింది, ఆ మిషన్‌ను మన బ్యాండోళ్ళు క్లారినెట్ మీదికి తెచ్చుకున్నారు. కవర్‌కే కవర్! యూట్యూబ్ పుట్టకముందు సంగతి ఇది.

మా తాత ఆ బ్యాండోళ్ళలో మనిషే. ఇప్పుడు ఆయనకు దమ్ము ఆగదు, వాయించలేడు. డీజేలు వచ్చాక బ్యాండ్ కూడా విడిపోయింది. క్లారినెట్ పాత తువ్వాలలో చుట్టి అల్మారా మీద పడి ఉండేది. ‘అమ్మేద్దాం రా’ అన్నాడు బాపు. ఒక్క నెల టైమ్ అడిగా.

పాత సామాన్ల దుకాణంలో ఒక బుల్‌బుల్ తార కూడా దొరికింది. టైప్‌రైటర్‌లాగా మీటలు ఉంటాయి కదా, అదే. మనదే అనుకుంటాం గానీ, దాని మూలం 1912లో జపాన్‌లోని నగోయాలో పుట్టిన తైషోగోతో. ఒక పాత మెలోడీ తీసుకుని పల్లవి బుల్‌బుల్ మీద, చరణం క్లారినెట్ మీద, సింగర్ పాడినట్టే ఒక్క స్వరం పోకుండా వాయించి తాతకు వినిపించా.

తాత మొత్తం విన్నాడు. ‘అంత నువ్వే వాయిస్తే జనం ఏం పాడాలెరా?’ అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. బరాత్‌లో ఆయన పల్లవి చివరి మాట కావాలనే వదిలేసేవాడట. అక్కడ ఊపిరి తీసుకుంటే, ఆ మాట రోడ్డు మీద ఉన్నోళ్ళు అరిచేవాళ్ళు. బాజాలో మాటలు ఉండవు, మాటలు వినేవాళ్ళ నోట్లో ఉంటాయి.

ఇంకో తప్పు కూడా పట్టాడు. బుల్‌బుల్‌లో మీట నొక్కిన చోటే స్వరం ఆగుతుంది, జారదు. క్లారినెట్‌లో రంధ్రం మీద వేలు సగం లేపితే స్వరం జారుతుంది. వంకరలున్న పల్లవిని బుల్‌బుల్‌కు ఇచ్చి పాడు చేశా. మార్చుకున్నా. కానీ క్లారినెట్‌తో వేరే తిప్పలు. పిల్లనగ్రోవిలో గట్టిగా ఊదితే అదే వేళ్ళతో పై ‘స’ వస్తుంది. ఇందులో కింది ‘స’ వేళ్ళతో పైకి పోతే పై ‘స’ను దాటేసి పై ‘ప’ పలుకుతుంది. పాట అక్కడ అటూ ఇటూ తిరిగితే వేళ్ళ లెక్క మొత్తం మారిపోతుంది. పదిహేను రోజులు దాని మీదే పోయాయి.

2021లో ‘భీమ్లా నాయక్’ టైటిల్ సాంగ్‌లో మొగిలయ్య గారి కిన్నెర విన్నాం, మరుసటి ఏడాది ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అందరం గర్వపడ్డాం, పడాల్సిందే. బ్యాండ్ క్లారినెట్‌కు మాత్రం ఆ గౌరవం లేదు. అది ప్రాచీనమూ కాదు, కొత్తదీ కాదు. పెళ్ళిలో అందరూ తిన్నాక గేటు బయట అన్నం తినేవాళ్ళ చేతిలోది.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 52వ సెక్షన్ ప్రకారం పెళ్ళి ఊరేగింపులో పాట వాయిస్తే తప్పు కాదు. తాత జీవితమంతా రోడ్డు మీద వాయించిన పాటలకు పర్మిషన్ అక్కర్లేదు, నేను ఫోన్‌లో పెట్టిన కవర్‌కు మాత్రం క్లెయిమ్ వచ్చింది. ట్యూన్ కట్టినోళ్ళకు డబ్బు పోవాలి, నేను కాదనను. కానీ అన్ని పాటలు వాయించిన తాత పేరు ఏ రికార్డ్ మీదా లేదు, అది మాత్రం మింగుడు పడదు.

నెల నిన్నటితో అయిపోయింది. బాపు ఇంకా ఏమీ అనలేదు. నేను కొత్త రీడ్ వేయించా. ఇప్పుడు ఫుల్ పాట వినండి. పల్లవి చివర గ్యాప్‌లో సన్నగా ఒక గొంతు, దాని వెనకే దగ్గు వినిపిస్తాయి. అది తాత. కట్ చేయలేదు.