హోటలు భోజనము - న్యాయమైన వెల

అమ్మువాఁడు సరకు చూపును. కొనువాఁడు వెల యడుగును. ఇష్టమైనచో కొనును, కానిచో మఱియొక అంగడికి పోవును. వర్తకమునకు మూల మింతియే. కాని భోజనశాలలోని వర్తకమునకు ఒక విశేష మున్నది. అచ్చట సరకు ముందుగా కడుపులోనికి పోవును. పైకము పిమ్మట చేతినుండి వెలువడును. చీర నచ్చకున్నచో తిరిగి యీయవచ్చును. తినిన ఇడ్డెనను తిరిగి యిచ్చు టెట్లు? కాఁబట్టి తినుటకు ముందు పట్టికలో చూపిన వెలయే ఆ వర్తకమునకు ప్రమాణము. పట్టికలో లేనిది, లేక దాని యడుగున కంటికి ఆనని సన్నని అక్షరములలో నున్నది, చేయి కడుగుకొనిన పిమ్మట బిల్లులో ప్రత్యక్ష మగుట న్యాయమా? శ్రోతలారా, నేఁడు మీతో ముచ్చటింపఁదలఁచిన విషయ మిది.

ఆ అదనపు పంక్తి పేరు సర్వీసు చార్జి. దీనిని పన్ను అని భ్రమించి చెల్లించువారు పెక్కుమంది. భ్రమకు కారణము లేకపోలేదు. సర్వీసు టాక్సు అను కేంద్రప్రభుత్వపు పన్ను ఒకటి పూర్వ ముండెడిది. అది 2017 జులైలో జి.ఎస్.టి. యందు లీనమైనది. పేరులో దానిని పోలిన యీ రుసుము మాత్రము నిలిచినది. ఇది ప్రభుత్వమునకు పోవునది కాదు; యజమాని గల్లాపెట్టెలో పడునది.

నేను తెలుఁగు చెప్పినవాఁడనే కాని లెక్కలు చెప్పినవాఁడను గాను. ఐనను ఈ పాటి లెక్క నాకును వచ్చును. భోజనము 600 రూపాయలు. సర్వీసు చార్జి నూటికి 10 చొప్పున 60. ఆ 660 మీఁద జి.ఎస్.టి. నూటికి 5 చొప్పున 33. మొత్తము 693. ఆ రుసుము లేకున్నచో 630 మాత్రమే. అనఁగా 60 రూపాయలు 63 అయినవి. పన్ను కానిదానికి మూఁడు రూపాయల పన్ను తోడైనది.

గత సంవత్సరము మా మనుమఁడు హైదరాబాదులో నన్నొక పెద్ద భోజనశాలకు తీసికొనిపోయెను. బిల్లులో ఈ పంక్తిని చూచి, వడ్డించిన కుఱ్ఱవానిని "నాయనా, ఇది నీకు చేరునా?" అని అడిగితిని. వాఁడు మేనేజరు వైపు ఒకసారి చూచి, "తెలియదండీ మాస్టారూ" అని తలవంచుకొనెను. నేను మాస్టారునని వానికెట్లు తెలిసినదో! మా మనుమఁడు ఆ పంక్తిని తీసివేయు మని కోరఁగా మేనేజరు తీసివేసెను గాని, "ఈ కుఱ్ఱవాండ్ర నోటిదగ్గఱి కూడు తీయుచున్నారండీ" అని కూడ ననెను. ఆ 60 రూపాయలు నేను వాని చేతిలోనే పెట్టితిని. అయినను మేనేజరు మాట నన్ను చాల దినములు విడువలేదు. పనివానికి జీతమిచ్చు భారము యజమానిది. ఆ భారమును తినువాని మనస్సాక్షిపైకి నెట్టి, పంక్తిని కొట్టివేయించినవానిని పేదవాని పగవానిగా నిలుపుట ఎంతటి నేర్పు!

యజమానులు చెప్పుదానిలోను కొంత సత్యమున్నది. చేతిలో పెట్టిన టిప్పు వడ్డించినవానికే దక్కును. పొయ్యియొద్ద మాఁడువానికి, గిన్నెలు తోమువానికి దక్కదు. అందఱకును పంచుటకే ఈ రుసుము అందురు. మంచిదే. మఱి దోసె వెల 100 నుండి 110 చేసి, ఆ 10 రూపాయలను అందఱకును పంచరాదా? ఏల చేయరనఁగా, ప్రక్క హోటలు పట్టికలో దోసె 105 అని యుండును. 100 అని చూపి 110 తీసికొనువానికి బేరము హెచ్చును. 105 అని నిజము వ్రాసి 105 తీసికొనువాఁడు ఖరీదైనవాఁడని పేరుపడును. ఈ రుసుము వలన మోసపోవువాఁడు తినువాఁ డొక్కఁడే కాఁడు.

మన పెద్దలకు ఈ చిక్కు తెలియనిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో, సుంకపు చావడియొద్ద వర్తకుఁడు సరకు పరిమాణమును వెలను ముమ్మాఱు చాటవలెనని యున్నది. కొనువారి పోటీచే చాటిన వెలకు మించి వచ్చినది సుంకముతోఁ గూడ రాజకోశమునకే పోవును. మన ఓరుగల్లును వర్ణించు క్రీడాభిరామములో (కర్త యెవరను వివాదము నేఁడు వలదు) పూటకూటి భోజన మున్నది: గోధుమపిండివంట, పంచదార, నేయి, పెసరపప్పు, అరఁటిపండ్లు, నంజుళ్ళు, గడ్డపెరుగు, అన్నియు కలిపి ఒక్క రూక. వడ్డనకు వేఱుగ నింత యని కవి చెప్పలేదు.

ఇఁక నేఁటి శాసనము మాట. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న, ఈ రుసుమును బిల్లులో తమంతట తాము చేర్చరాదనియు, వేఱు పేరుతోనైన వసూలు చేయరాదనియు, ఇష్టమున్నవారే యీయవచ్చుననియు నిర్దేశించినది. హోటళ్ళ సంఘములు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళఁగా అదే నెలలో ఆ నిర్దేశములు నిలిపివేయఁబడినవి. 2025 మార్చి 28న ఆ న్యాయస్థానమే వానిని సమర్థించి, పిటిషను వేసిన సంఘములపై చెఱియొక లక్ష రూపాయల ఖర్చులు విధించినది. సంఘములు మఱల అప్పీలు చేసికొన్నవి.

బిల్లులో ఈ పంక్తి కనఁబడినచో తీసివేయు మని నెమ్మదిగా అడుగవచ్చును. వారు వినకున్నచో 1915 అను జాతీయ వినియోగదారుల సహాయపు నంబరునకు చెప్పవచ్చును; జిల్లా కలెక్టరునకును వ్రాసికొనవచ్చును. ఆ బిల్లు కాగితమును మాత్రము విస్తరితోపాటు పాఱవేయక జేబులో ఉంచుకొనుఁడు.