కోవిడ్‌లో ప్రమాదాన్ని ముందుగా పసిగట్టడం

(రాయపూర్‌లో జరిగిన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టరును కాను. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేరి సుబేదారుగా రిటైరయ్యాను. చదువు ఇంటర్మీడియట్. కనుక నా మాట ఎం.ఐ. రూం భాషలోనే ఉంటుంది, మన్నించాలి.

కోవిడ్ పోయింది కదా, ఇప్పుడెందుకీ గొడవ అంటారేమో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో అత్యవసర పరిస్థితి ముగిసిందన్నది నిజమే, కానీ జబ్బు పోలేదు. పైగా మనలో చాలామందికి షుగరు, బీపీ, అరవై దాటిన వయసు.

2021 ఏప్రిల్ 9న రాయపూర్‌లో లాక్‌డౌన్ పెట్టారు. ఆ వారంలోనే మనవాడొకడు, రిటైర్డ్ హవల్దారు, పలాస వైపు మనిషి, నాకు ఫోన్ చేశాడు. వయసు 58, షుగరుంది. జ్వరం వచ్చి అయిదోరోజు. "ఆక్సిజన్ ఎంత?" అని అడిగాను. "94 సాబ్, నాకేటీ అవలేదు" అన్నాడు. గొంతులో ఆయాసం లేదు, నవ్వుతూనే మాట్లాడాడు. సరే, పడుకో అన్నాను. అక్కడే నేను పొరపాటు చేశాను. మర్నాడు సాయంత్రం వాళ్లావిడ ఫోన్ చేసేసరికి 81. బెడ్డు దొరికేసరికి రాత్రి అయింది. అయిదో రోజు పోయాడు.

ఎత్తైన పోస్టుల్లో పనిచేసినవాళ్లకి ఇది కొత్త కాదు. పెదవులు నీలం తిరుగుతున్నా జవాను "ఠీక్ హూఁ సాబ్" అనే అంటాడు. ఆయాసం ముఖ్యంగా పుట్టేది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకున్నందుకు. కోవిడ్ మొదట్లో ఆ వాయువు బయటికి పోతూనే ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం పడిపోతుంది. అందుకే మనిషి కులాసాగా కనిపిస్తాడు. మొహం చూసి లెక్క కట్టకూడదు.

నేను అడగవలసింది రెండు ఉన్నాయి. ఒకటి, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు. మన దేశపు వైద్య మార్గదర్శకాల ప్రకారం 24 లేక అంతకు మించినా, ఆక్సిజన్ 90 నుంచి 93 మధ్య ఉన్నా మధ్యస్థం, ఆస్పత్రి కేసు. ఊపిరి 30 దాటినా, ఆక్సిజన్ 90 కంటే తగ్గినా తీవ్రం. రెండోది, నడక. కూర్చున్నప్పుడు 94 చూపినవాణ్ణి ఇంట్లోనే ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూడాలి. 94 కంటే దిగినా, మూడు నాలుగు అంకెలు పడినా ఊపిరితిత్తులు దెబ్బతింటున్నట్టే. ఆయాసమున్నవాళ్లని, ముందే 94 కంటే తక్కువున్నవాళ్లని నడిపించకూడదు. చల్లని వేళ్లు, గోళ్ల రంగు, గోరింటాకు మిషన్ని తప్పుదోవ పట్టిస్తాయి. ఇది బ్యాటరీతో సహా ఎవరి ఇంట్లో ఎంత పని చేస్తోందో నాకు అనుమానమే!

ఆస్పత్రిలో చేరాక లెక్క వేరు. నర్సింగ్ చదివిన మా అమ్మాయి నాకొక స్కోరు చూపించింది. 4సీ అంటారు, 2020లో బ్రిటన్‌లో వేలమంది రోగుల వివరాలతో తయారైంది. వయసు, మగా ఆడా, ఇతర జబ్బులు, ఊపిరి వేగం, ఆక్సిజన్, స్పృహ, రక్తంలో యూరియా, సీఆర్‌పీ, ఈ ఎనిమిదింటికీ మార్కులు, మొత్తం 21. వయసొక్కదానికే ఏడు దాకా పోతాయి. మూడు లోపు వచ్చినవాళ్లలో నూటికి ఒకరు చనిపోయారు, 15 లేక అంతకు మించి వచ్చినవాళ్లలో సుమారు 60 మంది. ఇది టీకా రాకముందు లెక్క, ఇవాళ అంకెలు అలాగే ఉండవు.

ఆ లెక్కన మనవాడికి ఫోన్ చేసిన రోజున, రక్త పరీక్ష వదిలేస్తే, నాలుగే మార్కులు. అదే నెలలో మన సంఘం పెద్దాయన ఒకరు చేరారు. వయసు 81, గుండె జబ్బు, షుగరు. ఆయన కాగితాలు తర్వాత చూస్తే సరిగ్గా 15. ఆయన బతికారు. స్కోరు గుంపు సంగతి చెబుతుంది, మనిషి సంగతి కాదు. ఫీల్డులో ప్రయారిటీ వన్ చీటీ కట్టేది ముందు ఎవరిని ఎత్తుకెళ్లాలో తెలియడానికి, ఆశ వదులుకోవడానికి కాదు.

స్టెరాయిడ్ల మాటా చెప్పాలి. అప్పట్లో మొదటి రోజే మింగినవాళ్లు మన కాలనీల్లోనే ఉన్నారు. 2020 జూన్‌లో బ్రిటన్ పరీక్షలు తేల్చిందేమిటంటే, డెక్సామెథాసోన్ వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాల్ని మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో అయిదో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మేలు చెయ్యలేదు. అంటే మందు ఇచ్చేదీ లేనిదీ కూడా ఆ వేలి మిషన్ అంకె మీదే ఆధారపడింది.

ఆ పెద్దాయన ఇవాళ రెండో వరసలో కూర్చుని ఉన్నారు. హవల్దారు మిషన్ని వాళ్లావిడ నాకిచ్చేసింది. బ్యాటరీ మార్చాను, సంచిలో ఉంది. సభ అయ్యాక టీ బల్ల దగ్గర కూర్చుంటాను, ఊపిరి లెక్కపెట్టడం చేతకానివాళ్లు రండి, చూపిస్తాను.