ఫీజుల భారం, సంతానం మధ్య న్యాయం

 

నేటి ప్రసంగాంశం మింబర్‌పై నుంచి మాట్లాడదగినది కాదని కొందరికి అనిపించవచ్చు. అది పాఠశాల ఫీజు. అయితే ఇటీవల ఇషా నమాజు తరువాత నా వద్ద ఆగి, గొంతు తగ్గించి అడిగేవారి ప్రశ్నలు ఎక్కువగా దీని చుట్టూనే తిరుగుతున్నాయి. వడ్డీకి తెచ్చి ఫీజు కట్టవచ్చునా? జకాత్ తీసుకోవచ్చునా? ఇద్దరినీ చదివించలేకపోతే అమ్మాయిని చిన్న బడికి మార్చి అబ్బాయిని పెద్ద బడిలో ఉంచవచ్చునా? మూడవ ప్రశ్న అడిగినవారు తక్కువ. అడగకుండా ఆ పని చేసినవారు ఎక్కువ.

మన బాచుపల్లి సంగతి మీకు తెలిసిందే. 2016లో మండలమైనది. అటు మియాపూర్, ఇటు నిజాంపేట, మల్లంపేట వరకు అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటి వెంబడే పాఠశాలలూ లేచాయి. 2024లో మన బాచుపల్లి పేరు దేశమంతటా వినిపించింది. ఇక్కడి ఒక పాఠశాలలో నర్సరీకి 2.3 లక్షలు కట్టిన తండ్రిని మరుసటి ఏడు ఎల్‌కేజీకి 3.7 లక్షలు అడిగారన్న వార్త అది. చదివినవారు నవ్వుకున్నారు. మనలో నవ్వలేనివారు ఉన్నారు. అంత ఫీజు కట్టే స్థోమత మన జమాఅత్‌లో ఎక్కువమందికి లేదు. మనవారు కట్టేది అరవై వేలో, లక్షో. కాని ఆటో నడిపేవానికి, కంపెనీలో సెక్యూరిటీ ఉద్యోగికి, చిన్న దుకాణదారుకు ఆ అరవై వేలు ఎనభై వేలయినప్పుడు విరిగే నడుము ఒకటే.

ప్రభుత్వాలు నియమాలు చేయలేదని కాదు. 1994 జనవరి 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో నంబరు 1 ఇచ్చింది. వసూలైన ఫీజులో సగం సిబ్బంది జీతాలకు వెళ్లాలనీ, యాజమాన్యం తన ఆదాయంగా ఐదు శాతానికి మించి తీసుకోరాదనీ అందులో ఉంది. 2002లో సుప్రీంకోర్టు టీఎంఏ పాయ్ ఫౌండేషన్ కేసులో ప్రైవేటు సంస్థలు తమ ఫీజును తామే నిర్ణయించుకోవచ్చునన్నది. అదే తీర్పులో విద్యతో లాభార్జన చేయరాదనీ, క్యాపిటేషన్ ఫీజు వసూలు చేయరాదనీ కూడా చెప్పింది. మొదటి సగాన్ని అందరూ జ్ఞాపకం ఉంచుకున్నారు. 2017లో ఆచార్య తిరుపతిరావు కమిటీ ఏటా పది శాతం వరకు పెంపునకు దారి చూపింది. ఆ తరువాత విద్యా కమిషన్ కూడా నియంత్రణ వ్యవస్థ కావాలని సిఫారసు చేసింది. కాగితాలు పెరుగుతూ వచ్చాయి. ఫీజులు వాటికంటె వేగంగా పెరిగాయి.

మన సభలో పాఠశాలలు నడిపే సోదరులు కూడా ఉన్నారు. వారితో ఒక మాట. తూనికలో, కొలతలో తగ్గించేవారికి నాశనం తప్పదని హెచ్చరించే ఒక పూర్తి సూరా, ముతఫ్ఫిఫీన్, దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. తూనిక రాళ్లు బియ్యం అంగడిలోనే ఉంటాయని ఎందుకు అనుకుంటున్నారు? 'డిజిటల్ క్లాస్' పేరిట పైకం తీసుకుని ఆ గదికి తాళం వేసి ఉంచడం కూడా తక్కువ తూచడమే. ఇమామ్ షాఫయీ (రహ్మ) బాల్యం గుర్తు చేసుకోండి. తండ్రి లేని బాలుడు. గురువుకు ఇవ్వడానికి తల్లి వద్ద ఏమీ లేదు. ఆ గురువు బాలుని వెనక్కి పంపలేదు. తాను లేచి వెళ్లినప్పుడు తక్కిన పిల్లలను చూసుకుంటే చాలన్నాడు. ఫీజు బాకీ ఉందని పిల్లవానిని వరండాలో నిలబెట్టే పాఠశాల ఈ కథను తన గోడ మీద రాసుకోవాలి.

ఇక తండ్రుల వద్దకు వద్దాం. ఫీజు భారం నిజమే. కాని దాని వెనుక ఉన్న సిగ్గు అంతకంటె పెద్ద భారం. సర్క్యులర్ ఫోనుకు వస్తుంది. తండ్రి దానిని భార్యకు చూపడు. పిల్లలకు చెప్పడు. బడికి వెళ్లి గడువు అడగడు. తమ్ముని పిల్లలు ఆ బడిలోనే చదువుతున్నారు, మార్పిస్తే బంధువులు ఏమనుకుంటారు అని ఆలోచిస్తాడు. రాత్రి పూట లోన్ యాప్ తెరుస్తాడు. అప్పు తీసుకోవడానికి పది నిమిషాలు చాలు, తీర్చడానికి రెండేళ్లు. వడ్డీ హరామ్ అని తెలియనివాడు మనలో లేడు. వడ్డీని మానని వారిపై అల్లాహ్, ఆయన ప్రవక్త (స) యుద్ధప్రకటన చేసిన విషయం సూరా బఖరాలో చదివినవారమే. అయినా 'చదువు కోసమే కదా' అని మనసును సమాధానపరచుకుంటాము. జకాత్ తీసుకోవడం సిగ్గు, గడువు అడగడం సిగ్గు, బడి మార్చడం సిగ్గు. వడ్డీ కట్టడం మాత్రం ఎవరికీ కనబడదు కనుక సిగ్గు కాదు!

కొన్ని పాఠశాలలు ఏడాది ఫీజును ఒక ఫైనాన్స్ కంపెనీ ద్వారా కట్టించి నెలవారీ వాయిదాలు పెడుతున్నాయి. అదనంగా ఒక్క రూపాయి లేకుండా, ఆలస్యానికి వడ్డీ షరతు లేకుండా ఉంటే దాని మాట వేరు. కాని సంతకం చేసే ముందు ఆ కాగితం చివరి వరకు చదవండి, లేదా చదివినవారికి చూపండి. 'జీరో' అని పైన పెద్ద అక్షరాలతో ఉన్నది కింద చిన్న అక్షరాలతో మారిపోవచ్చు.

సోదరులారా! ఇప్పుడు మూడవ ప్రశ్న. నామాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఆయన తండ్రి ఒక కుమారునికి మాత్రమే కానుక ఇచ్చారు. తల్లి అమ్రా బిన్తె రవాహా (రజి) మహాప్రవక్తను (స) సాక్షిగా పెట్టేవరకు ఒప్పుకోనన్నారు. ప్రవక్త (స) విచారించారు: తక్కిన సంతానానికీ ఇంతే ఇచ్చావా? లేదని తెలిసిన తరువాత దానికి సాక్షిగా ఉండటానికి నిరాకరించారు. సంతానం మధ్య న్యాయం పాటించమని ఆజ్ఞాపించారు. తండ్రి ఆ కానుకను తిరిగి తీసుకున్నారు.

మన ఇళ్లలో జరిగేది దీనితో పోల్చి చూడండి. ఫీజు పెరిగింది. కొడుకు పెద్ద బడిలోనే, ఐఐటీ ఫౌండేషన్‌తో సహా. కూతురు వీధి చివరి బడికి. 'అమ్మాయి ఎలాగూ పెళ్లయి వెళ్తుంది' అన్న మాట ఆమె వింటుండగానే అంటాము. సమానమంటే ఇద్దరికీ ఒకే మొత్తం ఖర్చు పెట్టాలని కాదు. ఒక బిడ్డకు మందులు కావాలి, ఒక బిడ్డకు కళ్లద్దాలు కావాలి. అవసరాన్నిబట్టి ఖర్చు మారుతుందని ధర్మపండితులు చెప్పారు. మరి ఇక్కడ అవసరం ఏది? లెక్కలలో ఎవరు చురుకు అని కూడా చూడకుండా, మగబిడ్డ అన్న ఒక్క కారణంతో నిర్ణయం జరిగిపోతున్నది. ఇద్దరినీ పెద్ద బడిలో చదివించే శక్తి లేదా? ఇద్దరినీ మధ్యతరహా బడికి మార్చండి. అందులో అవమానం లేదు. ఒకరిని మెట్టు ఎక్కించి మరొకరిని దించడంలో ఉన్నది అవమానం. ఈ ఏడు బడి మారిన ఆడపిల్లల తండ్రులు ఈ వరుసలలోనే కూర్చుని ఉన్నారు. వారి పేర్లు నేను చెప్పను. ఇంటికి వెళ్లి కూతురి ముఖం చూడండి.

గురుకులాలను కూడా తక్కువగా చూడవద్దు. మైనారిటీ గురుకులాలు 2016లో 71తో మొదలై నేడు 204 అయ్యాయి. అయిదవ తరగతి నుంచి చదువు, భోజనం, వసతి ఉచితం. 'అక్కడికి పేదవారు వెళ్తారు' అంటారు. అప్పు ఉన్నవాడు పేదవాడు కాకపోతే మరెవరు?

జకాత్ విషయం క్లుప్తంగా. ఫీజు ఎక్కువ అయినంత మాత్రాన జకాత్‌కు అర్హత రాదు. అప్పులు, నిత్యావసరాలు పోగా యాభై రెండున్నర తులాల వెండి విలువకు సరిపడ మిగులు ఉన్నవాడు తీసుకోరాదు. బీరువాలోని బంగారాన్ని లెక్కించకుండా 'నేను పేదవాడిని' అనవద్దు. అర్హుడైనవాడు మాత్రం సంకోచించకూడదు. అది అల్లాహ్ నిర్ణయించిన హక్కు. ఇచ్చేవారు ఆ సొమ్మును ఆ కుటుంబం చేతికే ఇవ్వండి. ఫీజు వారే కట్టుకుంటారు.

పాఠశాల వద్దకు ఒక్కరే వెళితే 'ఇబ్బందయితే టీసీ తీసుకోండి' అంటారు. ముప్పై మంది వెళితే కుర్చీలు వేస్తారు. పక్క ఫ్లాటు సోదరుడు ఏ మతస్థుడైనా వెంట తీసుకుని వెళ్లండి. ఆయన ఫోనుకూ అదే సర్క్యులర్ వచ్చింది. ప్రవక్త పదవికి ముందు మక్కాలో అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట జరిగిన 'హిల్ఫుల్ ఫుజూల్' ఒప్పందంలో మన ప్రవక్త (స) పాల్గొన్నారు. యెమెన్ నుంచి వచ్చిన వ్యాపారికి సరుకు ధర ఎగవేసిన పెద్దమనిషిని నిలదీయడం కోసం చేసుకున్న ఒప్పందమది. ఇస్లాం వచ్చిన తరువాత కూడా, అటువంటి దానికి పిలిస్తే వస్తానని ఆయన (స) చెప్పారు. రాతపూర్వకంగా అడగండి: ఏ ఖర్చు పెరిగింది, ఎంత పెరిగింది? గొంతు పెంచకండి. పిల్లల ముందు టీచరమ్మను నిందించకండి. మీ ఫీజుతోపాటు ఆమె జీతం కూడా పెరిగిందని అనుకోవద్దు.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) పాఠానికి వచ్చే ఒక పేద బాలుడు ఇంటివారి ఒత్తిడితో పనికి వెళ్లడం మొదలుపెట్టాడు. ఇమామ్ కారణం తెలుసుకుని ఖర్చులకు దిర్హములు ఇచ్చారు. అయిపోకముందే మరల ఇస్తూ వచ్చారు. ఆ బాలుడే తరువాత హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ అయిన అబూ యూసుఫ్ (రహ్మ). మన మస్జిద్ కమిటీ ఈ నెల నుంచి ఖర్జె హసనా నిధి ప్రారంభిస్తున్నది. వడ్డీ లేదు. అప్పును రాసుకోమని ఖుర్ఆన్ ఆజ్ఞాపించినది కనుక కాగితం ఉంటుంది, ఇద్దరు సాక్షులు ఉంటారు, పేరు మాత్రం బయటికి రాదు. కూతురి ఫీజు కోసం వచ్చే దరఖాస్తును ముందుగా చూడాలని కమిటీ నిశ్చయించింది. ఇవ్వగలవారు అస్ర్ తరువాత కార్యదర్శిని కలవండి. కావలసినవారు నన్ను కలవండి. ఇషా దాకా హుజ్రాలోనే ఉంటాను.